ఓడ పీట

నివాస సభాధ్యక్షురాలు శ్రీమతి వసుంధరాదేవి గారి సముఖమునకు, పదవీ విరమణ చేసిన తెలుగు పండితుడు అవధానుల నరహరి నమస్కరించి విన్నవించుకొనునది.

తేదీ, స్థలం రాయడం లేదు. కిన్నెర ఓడకు సంబంధించిన ఏ కాగితం మీదా ఆ రెండూ ఉండరాదని సభవారే నియమం చేశారు. ఆకాశాన్ని కొలిచే మన వేధశాలలో చేరిన నాటి నుంచి నేను రాసుకున్న నమోదులను కింద ఎత్తి రాస్తున్నాను. వాక్యదోషాలు దిద్దాను. అభిప్రాయాలు మాత్రం దిద్దలేదు. ఏ రోజు ఏమి నమ్మానో ఆ రోజు మాటల్లోనే ఉండనిచ్చాను.

మొదటి నమోదు

ఈ రోజు శిష్యుడినయ్యాను. జీవితమంతా బల్లకు ఒకవైపే నిలబడినవాడికి రెండోవైపు కూర్చోవడం సులభం కాదు. వేధశాలాధికారిణి తాయారమ్మ గారు వయసులో నాకంటె చిన్నవారు, మాటలో పెద్దవారు. ఇద్దరు ఓడ వెలుగును వేరువేరుగా కొలిచి, ఫలితాలు కలిస్తేనే సభకు పంపాలన్నది ఇక్కడి పద్ధతి. రెండో మనిషికి చూపు మందగించడంతో ఆ చోటు ఖాళీ అయింది. కిన్నెరలో సొంతవాళ్లున్నవారు కొలవకూడదన్న నిబంధన లేదా అని అడిగాను.

"అలా అయితే ఈ గిన్నెలో కొలిచేవాళ్లే దొరకరు మాస్టారూ. మా మేనత్త కొడుకు లేడూ అందులో?" అన్నారావిడ.

మా నివాసాన్ని అందరూ గిన్నె అనే అంటారు. లోతైన బిలం అడుగున ఉన్నాం గనుక సూర్యుడు లోపలికి రాడు. అంచు మీద నిలబెట్టిన పలకలు ఆయన వెలుగును తాగి మాకు వేడిగా మార్చి ఇస్తాయి. నక్షత్రాలు అస్తమించవు, అంచు చుట్టూ తిరుగుతుంటాయి. పగలూ రాత్రీ గంట కొడితేనే తెలుస్తాయి.

దూర అంతరిక్షంలోకి వెళ్లిన కిన్నెర గొంతు మూగబోయి, కబుర్లు రావడం ఆగిన నాటి నుంచి ఆ వేడిలో సగాన్ని ఊతదీపంగా మార్చి ఓడ వైపు పంపుతున్నాం. ఆ వెలుగు అందితే ఓడ లోపల గాలి తిరుగుతుంది, గోడలు వెచ్చబడతాయి. ఇక్కడ మాత్రం పసిపిల్లల గదిలో తల్లులు మూడేసి కంబళ్లు కప్పుతున్నారు. దగ్గు ఆగడం లేదు. ఓడలో ప్రాణాలున్నాయని వేధశాల చెబితే దీపం కొనసాగుతుంది, లేవని చెబితే వేడి పిల్లలకు తిరిగి వస్తుంది. వచ్చే సభలో తేల్చాలని అధ్యక్షురాలు గారు ఆదేశించారు.

నా భార్య హైమవతి కిన్నెరలో నర్సు. నేనూ వెళ్లవలసినవాణ్ణే. గుండె పరీక్షలో తప్పాను.

రెండో నమోదు

ఈ రోజు పాఠం చీకటిని తీసివేయడం. దూరదర్శినికి మూత పెట్టి పటం తీస్తే ఏమీ కనబడకూడదు గదా? కనబడుతుంది. కెమెరా తనలో తానే కొంత వెలుగును కల్పించుకుంటుంది. ఆ చీకటి పటాన్ని భద్రపరచి, అసలు పటంలోనుంచి తీసివేయాలి. ఆ తరువాత తెల్లని తెర మీద సమంగా వెలుగు పరచి మరొక పటం తీయాలి; దాన్ని చదును పటమంటారు. కెమెరాలో ఏ మూల ఎక్కువ చూస్తుంది, ఏ మూల తక్కువ చూస్తుంది అన్నది అందులో తెలుస్తుంది. ఆ ఎగుడుదిగుళ్లను సరిచేశాక గాని కొలతకు దిగకూడదు.

కొలత అంటే ఓడ వెలుగు చుట్టూ ఒక వలయం గీసి, లోపలి కాంతిని లెక్కించడం. ఒక్క ఓడను కొలిస్తే చాలదు. అదే పటంలో ఉన్న, మారని నక్షత్రాలు మూడింటిని కూడా కొలవాలి. వాటిని సాక్షులు అంటారు. సాక్షులూ ఓడా కలిసి తగ్గితే లోపం మనది. సాక్షులు నిలకడగా ఉండగా ఓడ ఒక్కటే తగ్గితే ఆ తగ్గుదల ఓడది. ఇంత ధర్మబద్ధమైన శాస్త్రాన్ని ఈ వయసు దాకా నేర్చుకోకపోవడం నా దురదృష్టం.

తాయారమ్మ గారు నమోదులో "సాక్షులు బాగుంది" అని రాశారు. బహువచనానికి "బాగున్నాయి" అనాలని చెప్పాను. అవి బాగున్నంతసేపూ తనకు ఏ వచనమైనా ఒకటేనన్నారు.

మూడో నమోదు

ఓడ పీట సంగతి రాయాలి.

తెర మీద ఎడమవైపు కింది మూలలో కుంకుమతో ఒక చుక్క ఉంది. దూరదర్శినిని ఎప్పుడు తిప్పినా కిన్నెర వెలుగు సరిగ్గా ఆ చుక్క మీద పడేటట్లు తిప్పుతారు. గొంతు పోయిన కొత్తలో ఓడవాళ్ల బంధువులందరూ వచ్చి, పంక్తిలో లేనివారికి పీట వేసి ఉంచినట్లు తెర మీద వారికొక చోటు ఉంచాలని కోరారట. మధ్యలో పెడితే దిష్టి తగులుతుందని మూలను ఎంచుకున్నారట. అప్పటి నుంచి ఎవరూ పీట జరపలేదు. జరపడం అపశకునమని తాయారమ్మ గారే అన్నారు. అని, తాను ఇటువంటివి నమ్మనని కూడా అన్నారు.

మూడు పూటలా భోజనాల గంట కొట్టగానే వంటశాల పెద్ద అప్పలసూరి వడ్డన మొదలుపెట్టించి, గంజి గుండిగల ఆవిరి బయటికి పోయే తలుపు తీసి, పరుగున మెట్లెక్కి వేధశాలకు వస్తాడు. అతని కూతురు పైడితల్లి ఓడలో యంత్రాలు చూసే అమ్మాయి.

బయలుదేరే రోజున భోజనశాలలో హైమవతి లేచి నిలబడి అందరికీ చెప్పిన మాట ఒకటుంది. "భోజనాలకు కూర్చునేటప్పుడు ఓడ రెక్కలు ముడుస్తాం. దూరానికి కాస్త మసకబారినట్టు కనిపిస్తాం. అప్పుడు మేం తింటున్నామని అనుకుని మీరూ తినండి. మా ఆయన మాత్రం మొదటి ముద్దకే ఉప్పు గురించి మాట్లాడతారు, పట్టించుకోకండి."

గంట కొట్టిన కాసేపటికి, కుంకుమ చుక్క మీది వెలుగు మెల్లగా తగ్గడం ఈ రోజు నా కళ్లతో చూశాను. సాక్షులు కదలలేదు.

"తినీసినాది మా గుంట," అన్నాడు అప్పలసూరి కూతుర్ని ఉద్దేశించి. కాసేపు తెర మీది కొలత గీత వంక చూసి, "ఇయ్యాల కొంచెమే మసకేసినాది మాస్టారూ. కూర బాగోనట్టుంది," అన్నాడు.

"నీ వంటే అయితే పూర్తిగా ఆరిపోయేది," అన్నారు తాయారమ్మ గారు.

అతను నవ్వి, వడ్డనకు దిగిపోయాడు. నేను కిందికి వెళ్లి భోంచేశాను. ఉప్పు ఎక్కువైంది. ఎవరితోనూ అనలేదు.

నాలుగో నమోదు

మడత నేర్చుకున్నాను. ఇన్ని నెలల కొలతలను ఒక పొడవాటి పట్టీగా ఊహించి, ఒక భోజనం నుంచి మరొక భోజనం వరకు ఎంత నిడివో అంతంతకు దానిని మడవాలి. మడతలన్నీ ఒకదాని మీద ఒకటి పడతాయి. ప్రతి పూటా వచ్చే మార్పు పేరుకుని స్పష్టమవుతుంది. అప్పుడొకటి ఇప్పుడొకటి వచ్చే మార్పులు ఒకదాన్నొకటి చెరిపివేసుకుంటాయి.

నేను మడిచాను. తాయారమ్మ గారు తన గదిలో వేరుగా మడిచారు. రెండు గీతలూ ఒకటే: నున్నని చదును, ఒకచోట మెత్తని పల్లం. ఆ పల్లంలో నా భార్య భోజనానికి కూర్చుని ఉంది. చాలాసేపు తెర ముందు నుంచి లేవలేదు. నివేదికలో "ప్రాణాలున్నవి" అని రాయడానికి మేము సిద్ధపడ్డాము.

ఐదో నమోదు

నివేదిక శుభ్రప్రతి రాస్తూ ఒక వాక్యం దగ్గర ఆగాను. "ఓడవారు మన వేళలనే నేటికీ తప్పక పాటిస్తున్నారు" అని రాసి ఉంది. తప్పక అన్న మాట ఎంత ఖచ్చితమో చూద్దామని తొలి వారాల కొలతలను, ఇటీవలి వారాల కొలతలను విడివిడిగా మడిచాను. పల్లాలు రెండూ ఒకేచోట ఉన్నాయి.

అలా ఉండకూడదు. కిన్నెర ప్రతి రోజూ దూరమవుతోంది. దాని వెలుగు మమ్మల్ని చేరడానికి మొదట్లో క్షణాలు పట్టేది. ఇప్పుడు గంటకు దగ్గరగా పడుతుంది. వాళ్లు తమ గడియారం ప్రకారం తింటూ ఉంటే, ఆ పల్లం మా గంటకు వారం వారం వెనకబడుతూ రావాలి. అది వెనకబడలేదు. మా గంటనే పట్టుకుని ఉంది.

ఈ సంగతి తాయారమ్మ గారికి చెప్పాను. ఆవిడ రెండు మడతలనూ తానే ఒకదాని మీద ఒకటి పెట్టి చూశారు. తరువాత నెమ్మదిగా, "హైమవతి గారు ఎలాంటివారు మాస్టారూ?" అని అడిగారు.

ఎందుకన్నాను.

"దూరం లెక్కవేసి, మనకు వేళకు కనిపించాలని అంత ముందుగా రెక్కలు ముడిపిస్తున్నారేమో. మనం ఎదురుచూస్తూ అన్నం చల్లార్చుకుంటామని."

అవును, హైమవతి అటువంటి మనిషే. నేను బడి నుంచి ఆలస్యంగా వస్తే తనూ ఆలస్యంగా తినేది. అలా చేసినట్టు నాకు తెలియకుండా ముందే తిన్నానని చెప్పేది. ఆ మాట పట్టుకుని ఈ పూట గడిపాను. పట్టుకోవడానికి అంతకంటె మంచి మాట ఈ గిన్నెలో లేదు.

ఆరో నమోదు

ప్రేమ చేతనే పల్లం నిలబడి ఉన్నదని రుజువు చేయడానికి ఒక్కటే దారి: అది ఓడదేనని రుజువు చేయడం. పీట జరుపుదామన్నాను. ఓడను తెర మధ్యకు తెచ్చి, ఆ మూలలో, కుంకుమ చుక్క మీద, ఏ ఊరికీ ఎవరికీ సంబంధంలేని ఒక నక్షత్రాన్ని పెడదాము. ఓడ మధ్యలోనూ మసకబారితే మనవారు తింటున్నట్లే.

తాయారమ్మ గారు వెంటనే ఒప్పుకోలేదు. పద్ధతి ప్రకారం ఇది మొదటి నెలలోనే తాను చేయవలసిన పరీక్ష అని, చేయనందుకు సిగ్గుగా ఉన్నదని, ఇప్పుడు చేయాలంటే భయంగా ఉన్నదని చెప్పారు. పీట అన్న మాట వినగానే తన చదువు అంతా పక్కకు తప్పుకుందన్నారు. నేనూ ఆ చుక్కకు నమస్కారం పెట్టి కూర్చుంటున్నవాణ్ణే.

అప్పలసూరికి చెప్పకుండా చేయరాదనుకున్నాము. అతను విని, "జరపండి. నానేటి అడ్డం సెప్పను. మధ్యలో కూకోబెడితే మాత్రం తినడం మానేస్తాదా?" అన్నాడు. ఈ పూట పైకి రానని, వడ్డన దగ్గరే ఉంటానని అన్నాడు.

ఏడో నమోదు

గంట కొట్టారు. కింద అప్పలసూరి గుండిగల ఆవిరి తలుపు తీసిన చప్పుడు గోడ గుండా వినిపించింది.

తెర మధ్యలో కిన్నెర వెలుగు తగ్గలేదు.

మూలలోని నక్షత్రం తగ్గడం మొదలుపెట్టింది. మెల్లగా, మెత్తగా, ఇన్నాళ్లూ మేము చూసి కళ్లు తుడుచుకున్న ఆ పల్లంలోకి దిగింది. పంక్తి లేచే వేళకు మళ్లీ తేరుకుంది. ఆ నక్షత్రంలో ఎవరూ లేరు. ఎన్నడూ ఎవరూ లేరు.

తాయారమ్మ గారు లేచి వెళ్లి కెమెరా పెట్టె విప్పించారు. కెమెరా ముందున్న గాజు పలకను వెచ్చగా ఉంచే తీగ ఎడమవైపు కింది మూలలో తెగి ఉంది. వంటశాల ఆవిరి తలుపు వేధశాల గోడ కిందనే ఉంది. ఆ ఆవిరి సన్నగా పైకి వచ్చి, అన్నిటికంటె చల్లగా ఉన్న ఆ మూలలో మంచుపొరగా పేరుకుంటోంది. మిగిలిన తీగ వేడికి కాసేపట్లో ఆవిరైపోతోంది. సాక్షులు మధ్యలో ఉన్నాయి గనుక వాటికి పొర తగలలేదు. చదును పటాలలోనైనా అది పడవలసింది. కాని భోజనాల వేళ ఎవరూ తెల్ల తెర దించలేదు. ఆ వేళ ఓడను చూడాలి గదా. అందుచేత చదును పటాలన్నీ రెండు భోజనాల నడుమ తీసినవే.

మా ఊపిరినే మేము వాళ్ల ఊపిరి అనుకున్నాము.

ఎనిమిదో నమోదు

పల్లం లేనంత మాత్రాన ప్రాణం లేదని కాదు. రెక్కలు ముడవడం మానివేసి ఉండవచ్చు. ఆ ఆశతోనే మంచుపొర వల్ల తగ్గిన వెలుగును పాత కొలతలన్నిటికీ తిరిగి కలిపి, ఈసారి భోజనాల నిడివికి మడవకుండా, ఏ నిడివికి మడిస్తే ఏమి తేలుతుందో ఒక్కొక్కటే వెతికాను. తాయారమ్మ గారు తన గదిలో వేరుగా వెతికారు. ఈ పనికి మాకు చాలా పూటలు పట్టింది. మధ్యలో ఒకసారి ఆవిడ తలుపు దగ్గరకు వచ్చి, నాకు రెండు నిడివులు తేలాయా అని అడిగారు. రెండు అన్నాను. తిరిగి వెళ్లిపోయారు.

మనుషులున్న ఓడ, భోజనాల వేళ తప్ప, వెలుగు పట్టే తన రెక్కలను ఎప్పుడూ సూర్యుడికి ఎదురుగా ఉంచుతుంది. దాని వెలుగు నిలకడగా ఉంటుంది. కిన్నెర వెలుగు ఒక నిడివితో ఊగుతూ, ఆ ఊగుడు మరొక నిడివితో ఊగుతోంది. రెండూ పెనవేసుకుని ఉన్నాయి. గాలిలోకి విసిరిన కర్ర ఒకవైపు తిరుగుతూ మరోవైపు దొర్లుతుందే, అలాగ. ఓడ లోపలి చేతిచక్రం ఒకటి తిప్పితే ఆ దొర్లుడు ఆగుతుందట. యంత్రాలన్నీ చెడినా మనిషి చేతితో తిప్పడానికే ఆ చక్రాన్ని పెట్టారట.

ఈ ఊగుడు నాలుగో నమోదు నాటికే మా కొలతల్లో ఉంది. భోజనాల నిడివికి మడిచి మేమే దాన్ని చెరిపివేశాము. వెనక్కి వెతికితే, గొంతు పోయిన తరువాతి వారంలోనే మొదలైంది. నాటి నుంచి నేటి వరకు ఒక్కసారి కూడా నెమ్మదించలేదు. ఆ చక్రం మీద ఎవరూ చెయ్యి వేయలేదు.

మొదటి కొన్ని రోజుల పల్లాలు నిజంగా ఓడవే కావచ్చు. వాటిని మంచుపొర నుంచి విడదీయడం సాధ్యం కాదు. హైమవతి ఎన్ని పూటలు భోంచేసిందో ఇక ఎవరూ చెప్పలేరు.

తొమ్మిదో నమోదు

కొత్త తీగ బిగించే ముందు తాయారమ్మ గారిని ఒక పూట గడువు అడిగాను. ఆవిడ కారణం అడగలేదు. కిందికి వెళ్లి పని కల్పించుకున్నారు. దూరదర్శినిని తిప్పి ఓడను మళ్లీ ఆ మూలకు తెచ్చాను. గంట కొట్టారు. కుంకుమ చుక్క మీద వెలుగు తగ్గింది. అది గంజి ఆవిరి అని తెలుసు. ఏ తీగ తెగిందో, ఎంత మందాన పొర పేరుకుందో, ఎంతసేపటికి వీడుతుందో కూడా తెలుసు. పళ్లెం పైకి తెప్పించుకుని తెర ముందు కూర్చుని, వెలుగు తేరుకునే వరకు తిన్నాను.

తరువాత ఓడను మధ్యకు జరిపి, చుక్క తుడిచాను.

పదో నమోదు

అప్పలసూరికి నేనే చెప్పాను. సభలో పదిమంది నడుమ వినడం న్యాయం కాదు. అతను గుండిగ తోముతున్నాడు. అంతా విన్నాడు. అర్థమయిందా అని అడిగే అలవాటు నాకుంది, ఈసారి అడగలేదు.

"అంటే మూడు పూటలా తలుపు తీసి, పరుగెత్తుకొచ్చి, నా గంజి ఆవిరినే సూసుకున్నానా?"

అవునన్నాను.

"మీరు సెప్పకపోతే ఏటవును మాస్టారు బాబూ?"

దీపం వెలుగుతూనే ఉంటుందని, పిల్లల గది చల్లగానే ఉంటుందని, అతను రేపు కూడా మెట్లెక్కి వస్తాడని చెప్పాను.

అతను గుండిగ బోర్లించి దాని మీద కూర్చున్నాడు. "మరి అమ్మగారో?" అన్నాడు. నా సంగతి అతనికి గుర్తుకు వస్తుందని అనుకోలేదు. అతను లేచి నా చెయ్యి పట్టుకుని, పొయ్యి దగ్గర వెచ్చగా ఉన్నచోట కూర్చోబెట్టాడు.

"రాసీండి. పిల్లలు దగ్గుతున్నారు గదా," అన్నాడు.

అధ్యక్షురాలు గారికి,

వేధశాల నిర్ణయం ఇది: కిన్నెర ఓడలో ప్రాణాలు లేవు. ఇద్దరము వేరువేరుగా కొలిచాము. ఫలితాలు కలిశాయి. ఊతదీపాన్ని ఆర్పివేసి, వేడిని పసిపిల్లల గదికి మళ్లించవలసిందిగా సిఫారసు చేస్తూ తాయారమ్మ గారు, నేను కింద సంతకాలు చేశాము. ఓడ ఇకపై కూడా మా కంటికి కనిపిస్తూనే ఉంటుంది. సూర్యుడి వెలుగు దాని మీద పడుతుంది గనుక. ఎంతకాలం కనిపిస్తే అంతకాలం కొలుస్తాము.

ఈ లేఖను భోజనశాలలో, వడ్డన మొదలుకాక ముందు, అందరూ వినేటట్లు బిగ్గరగా చదివించవలసిందిగా ప్రార్థన. సారాంశం చెప్పి సరిపెట్టవద్దు. ఆవిరి తలుపు సంగతి దగ్గరకు వచ్చినప్పుడు చదివేవారు గొంతు తగ్గించవద్దు, వినేవారు అప్పలసూరి వంక తిరగవద్దు. నన్ను చదవమని అడగవద్దు. ఓడలోని వారందరి పేర్లనూ అకారాది క్రమంలో జతపరిచాను. ఒక్కొక్క పేరు పూర్తిగా పలికి, తరువాతి పేరుకు వెళ్లే ముందు కొంచెం ఆగమనండి. నా మీద గౌరవంతో ఎవరైనా నా భార్య పేరును ముందుకు తేవచ్చు, తేనివ్వకండి. హకారం చివర వస్తుంది. అంతవరకు కూర్చుని వింటాను.